బాయి ముచ్చట, ఎండ ముచ్చట

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఆ తుమ్మ మొద్దు జర లోపలికి నూకుండ్రి, అంటుకుంటది. పొద్దటి సంది మీ అన్నదమ్ములది ఒక్కటే కొట్లాట. పెద్దోడు ఓపెన్‌కాస్టుల డంపరు నడుపుతడు. బొగ్గు లేకుంటె దేశం చీకటైతదని వాని మాట. చిన్నోడు సోలార్ ప్లాంటు పనికి పోతడు. బొగ్గు కాలం ఒడిసింది, ఇగ రాజ్జెమంతా ఎండదే అంటడు. అన్నం కాడ సుత అదే లొల్లి. మీ అమ్మ కంచాలు ముందల పెట్టి ఎంత బతిమిలాడినా బుక్క ముట్టలే. ఇప్పుడేమో "నువ్వే చెప్పు తాతా" అని నా మీద పడ్డరు. తీర్పు నేను చెప్ప. బొగ్గు బాయిల దిగి ఎక్కినోన్ని, కండ్లతోని చూసింది చెప్త. ఇనుండ్రి, నడిమిట్ల ఫోన్లు తియ్యకుండ్రి.

మాది ఇల్లందు తట్టు. ముసలోళ్లు ఇప్పటికీ దాన్ని బొగ్గుట్ట అనే అంటరు. భద్రాద్రి రాముని దగ్గరికి నడుసుకుంట పోయేటోళ్లు అక్కడ ఆగి, మూడు రాళ్లు పెట్టి వంట చేసుకుంటుంటె పొయ్యి రాళ్లే రాజుకున్నయట. ఇది మా నాయినకు వాళ్ల నాయిన చెప్పిన కత. కాయితాల మీది లెక్క ఏందంటె, 1871ల విలియం కింగ్ అనే దొర భూమిని పరీక్ష చేసుకుంట వచ్చి బొగ్గు ఉన్నదని తేల్చిండు. ఇల్లందుల పొరలకు కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని పేర్లున్నయి. 1886ల ఇంగ్లండుల హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఒకటి పుట్టింది. 1889ల బొగ్గు తీసుడు షురువైంది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలు పట్టాలు పడ్డది సుత బొగ్గు కోసమే, మన ప్రయాణాల కోసం కాదు. దగ్గరున్న సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. మీరు డిసెంబర్ 23 నాడు స్టేడియంల స్టాళ్లు చూడ పోతరు గద, 1920ల ఆ తారీకునే ఇప్పటి కంపెనీ రిజిస్టరైంది. 1945ల నిజాం సర్కారు పెద్ద వాటా కొన్నది. ఇయ్యాల రాష్ట్రానిది 51, కేంద్రానిది 49.

ఈ తారీకులన్ని ఎందుకంటె, బొగ్గు సుత ఒకప్పుడు కొత్తగ వచ్చిందే. అంతకు ముందు మా వాళ్లు జొన్నలు ఏసుకునేటోళ్లు, గొడ్లు కాసుకునేటోళ్లు. మా తాత మొదటిసారి బాయికి పోతనంటె ఇంట్ల ఏడుపులట. భూమి మీద పని లేకనా, భూమి లోపలికి పోతున్నవు, నీకేమైన దయ్యం పట్టిందా అని. వానలు రెండేండ్లు మొకం చాటేసినంక అడిగినోళ్లే వెనుక నడిసిరి. ఎందుకు? బాయిల జీతం తక్కువే కని వాన పడ్డా వస్తది, పడకున్నా వస్తది. మనిషి పని మారేది నీతుల కోసం కాదు బిడ్డా, నెల తిరిగేసరికి చేతికొచ్చే పైస కోసం. మీరిద్దరు వాదులాడేటప్పుడు ఈ ఒక్కటి మరువకుండ్రి.

నేను చేరిన్నాటి ముచ్చట చెప్త. అరవైలల్ల రామగుండం కాడ కొత్త బాయిలు తెరిసిరి. ఇల్లందు, కొత్తగూడెం తట్టు నుంచి మంది మూటాముల్లె సర్దుకొని ఇటు కదిలిరి. అడివి నరికిరి, గుడిసెలు ఏసిరి, అదే గోదావరిఖని అయింది. నేను డెబ్బైల మొదట్ల కోల్ ఫిల్లరుగ చేరిన. చదువు ఎవ్వలు అడుగలే. అరిచేతులు చూసిరి, కాయలు కాసినయా లేదా అని.

మొదటి షిఫ్టు అంటె కోడి కూయకముందే లేసుడు. సద్ది కట్టుకొని బాయి మీదికి పోయి మస్టరు ఏయించుకోవాలె. ల్యాంపు రూముల నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలె. ఆ బిళ్ల అక్కడ మేకుకు తగిలిచ్చి ఉన్నంత సేపు మనం లోపల ఉన్నట్టు. షిఫ్టు ఒడిసి అందరు పైకొచ్చినంక ఒక బిళ్ల మేకు మీదనే ఉన్నదంటె, ఆ నంబరు మనిషి ఇంకా లోపల్నే ఉన్నడని. గంట దాటితె ల్యాంపు రూము కాడ ఎవ్వని నోట్లె మాట రాకపోవు. వాలు తొవ్వల కాళ్లు సాగేసి కిందికి దిగుతుంటె పైన గాలి ఆగిపోతది, లోపటి గాలి మొకానికి తగుల్తది, తడి మట్టి వాసన, మందు పొగ వాసన. మీరు అమాస రాత్రి చూసి చీకటి అనుకుంటరు. అది చీకటి కాదు. బాయిల దీపం ఆర్పితె కన్ను తెరిసినా మూసినా ఒక్కటే. సొంత చెయ్యి మొకం ముందలికి తెచ్చుకున్నా కనవడదు.

షాట్ ఫైరర్ మందు పేల్చినంక పొగ పోయేదాక ఆగాలె. అటెన్క సర్దారు ముందలికి పోయి పొడుగు కట్టెతోని బాయి పైకప్పును తడుతడు. గట్టి కప్పయితె ఖంగుమంటది. ఇడిసిన కప్పయితె డొల్లుగ పలుకుతది. ఆ సప్పుడు ఇని బతికినోళ్లం మేము. ఇప్పటికీ నేను ఏ ఇంటికి పోయినా గోడ తట్టి చూస్త, మీరు నవ్వుతరు. సర్దారు సరే అన్నంక తట్ట, చెమ్మసు అనే పార పట్టుకొని దిగాలె. వంగి బొగ్గు ఎత్తాలె, తట్ట నింపాలె, నెత్తికో భుజానికో ఎత్తుకొని టబ్బు దాక మోసి పొయ్యాలె, మల్ల రావాలె. టబ్బు నిండితెనే లెక్క. టబ్బు మీద సుద్దతోని గ్యాంగు నంబరు రాసి పంపేటోళ్లం. నంబరు చెదిరిపోతె కష్టం ఎవని ఖాతాల పడుతదో దేవునికే ఎరుక. ఆ రోజులల్ల రాత్రి పండుకుంటె నడుము మంచానికి ఆనకపోవు. దగ్గితె నల్లగ పడేది. ఇప్పుడు దగ్గుతలేనా అంటె, ఇంటున్నరు గద.

ఇది ఎందుకు ఇడమరిచి చెప్తున్ననంటె, బొగ్గు పనిని మస్తు గొప్పదని పాటలు కట్టేటోళ్లున్నరు. గొప్పదే. ఆ బొగ్గుతోనే మీ నాయిన చదివిండు, మీ అత్తలకు లగ్గాలైనయి, ఈ ఇల్లు లేసింది. కని ఆ తట్ట చెమ్మసు మీ చేతికి ఇయ్యమని ఎవ్వడన్న అంటె నేను వాన్ని గడప తొక్కనియ్య. బాయిలల్ల ఎంతమంది పోయిరో. 2003 జూన్‌ల గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల పక్క పాత బాయి నీళ్లు ఇరగబడి 17 మంది పోయిరి. ఆ నాడు పట్నం పట్నమే బాయి గేటు కాడ కూసున్నది. అసొంటి పని పోతున్నదంటె ఏడ్వాల్సింది పని కోసం కాదు.

మరి దేని కోసం? అక్కడికే వస్తున్న.

మీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. బొగ్గుకు మొదటి దెబ్బ ఎండ కొట్టలే. డీజిల్ కొట్టింది. మా చిన్నతనంల సింగరేణి బొగ్గు అంటె రైళ్లకే. మా మేనబావ కాజీపేట లోకో షెడ్డుల ఫైర్‌మన్. ఇంజను పొయ్యిల పార తోని బొగ్గు ఎగజల్లుడు వాని పని. డీజిలు ఇంజన్లు, కరెంటు ఇంజన్లు వచ్చినయి. 1995ల పెద్ద లైను మీద బొగ్గు ఇంజను ఆఖరుకు ఆగిపోయింది. మరి మా బావ రోడ్డున పడ్డడా? పడలే. ఆయన్ను క్లాసుల కూసోబెట్టి, డీజిలు ఇంజను మీద అసిస్టెంటు పని నేర్పిరి. సర్వీసు అదే, పీఎఫ్ అదే, పాసు అదే. మస్టరు మీద పేరు అట్లనే ఉన్నది, చేతిల పార పోయింది. ఆయన సుత మొదట్ల గుబులు పడ్డడు, అటెన్క తెల్ల అంగీ ఏసుకొని డ్యూటీకి పోతుంటె చూసి మేము మురిసినం.

మా బాయిల సుత గంతే. ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చినయి. నేల మీద పాకుకుంట పోయి బొగ్గు ఎత్తి పోసేటియి. తట్ట చెమ్మసు మూలకు పడ్డది. మమ్ముల కొందర్ని పంపి నడుపుడు నేర్పిరి. నాకు ఆ లీవర్లు పట్టుకుంటె మొదటి వారం చేతులు వణికినయి. నేర్సుకున్న. మిషను మనిషిని చంపదు, మనిషిని అడుగకుండ తీసుకొచ్చినప్పుడే చంపుతది. మేము యూనియన్ల కొట్లాడినం, మిషను వచ్చేముందల ఫిల్లర్లను ఏ పనిల ఎక్కిస్తరో రాసియ్యుండ్రి అని గేటు కాడ కూసున్నం. అడిగినోళ్లకు దొరికింది. మా తరానికి దొరికింది. మీ తరం దాక రాలే, అసలు కష్టం అక్కడ.

లెక్క చెప్త, పెద్దోడా, నువ్వు జర గట్టిగ ఇను. 1990 సుట్టుముట్టు సింగరేణిల 1,10,000 మంది పైన పర్మినెంటు కార్మికులుండె. ఏడాదికి బొగ్గు 2 కోట్ల టన్నుల సుట్టుముట్టు. 2023-24ల బొగ్గు 7 కోట్ల టన్నులు. కార్మికులు ఎంత? 40,000 దగ్గర. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగం కన్న తక్కువైరి. ఇందుల సోలార్‌ది ఏమన్న ఉన్నదా? అప్పటికి సోలార్ పలకలు ఎవ్వలు చూసిరి? అండర్‌గ్రౌండు బాయిలు ఒక్కొక్కటే మూసుకుంట పోయి ఓపెన్‌కాస్టులు పెట్టిరి. గుట్టంత డంపరు, షావెలు, పేలుడు మందు. మట్టి తీసే పని, ఓబీ అంటరు గద, అది కాంట్రాక్టోళ్లకు పోయింది. మా కాలంల ఒక బాయి అంటె ఒక్క షిఫ్టుకు వందల మంది దిగుతుండె. నువ్వు నీ తమ్మున్ని చూసి, వీని పలకలు నా కొలువు తింటయి అంటున్నవు. నీ కొలువు తిన్నది ఇరవై, ముప్పై ఏండ్ల కిందనే తిని పోయింది బిడ్డా. నీకు మిగిలింది కాంట్రాక్టు గేటు పాసు.

కోపానికి రాకు. నిన్ను తక్కువ చేస్తలేను. నీ పని నాకు తెలుసు, ఆ దుమ్ముల పన్నెండు గంటలు స్టీరింగు పట్టుడు అల్కటి ముచ్చట కాదు.

ఇగ చిన్నోడా, నీ ముచ్చట. మొన్న నువ్వు నన్ను బండి మీద తోలుకపోయి నీ ప్లాంటు చూపెట్టినవు. ఎంత సల్లగున్నది ఆ జాగ. చిమ్నీ లేదు, సైరన్ లేదు, పొగ లేదు. వరుసలు వరుసలు పలకలు, అన్ని దక్షిణం మొకం పెట్టి. పొద్దు ఎక్కకముందే నీళ్ల పైపు, పొడుగు కట్టె బ్రష్షు పట్టుకొని నువ్వూ, నీ తోటోళ్లూ తుడుసుడు మొదలు పెట్టిరి. ఎండెక్కినంక వేడి పలక మీద సల్లనీళ్లు పడితె అద్దం పగులుతదని చెప్పినవు. నేను ఒక పలక మీద వేలు పెట్టి గీసిన. వేలు నల్లగైంది. దగ్గర్ల ఉన్న ఓపెన్‌కాస్టు దుమ్ము. గాలి అటు దిక్కు నుంచి కొట్టిందంటె మర్నాటికి పలకలు ఇచ్చే కరెంటు తగ్గుతదని, మల్ల తుడువాలెనని నువ్వే అన్నవు. అన్న తీసిన బొగ్గు దుమ్ము తమ్ముడు తుడుస్తుండు. నేను అక్కడ నిలవడి అదే చూసిన.

నువ్వు నాకు మస్తు సంగతులు నేర్పినవు. పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదట. వేడి ఎక్కువైతె తక్కువ ఇస్తదట. అందుకే నీళ్ల మీద ఏస్తె సల్లగుండి జర ఎక్కువిస్తయని చెప్పినవు. మన రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 జూలైకల్ల 100 మెగావాట్ల పలకలు తేలేసిరి. 500 ఎకరాల నీళ్లు, 4,50,000 పలకలు. కింద నీళ్లు ఆవిరై పోకుండ సుత ఆగుతయి. అదే గట్టు మీద 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు చిమ్నీలు. సింగరేణి కంపెనీ సుత మంచిర్యాల జిల్లా జైపూర్‌ల 1,200 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెట్టింది, ఆ ప్లాంటు చెరువు మీదనే పలకలు తేలేసింది. మా ఇల్లందుల, బొగ్గు పుట్టిన జాగల, అదే కంపెనీ 39 మెగావాట్ల సోలార్ పెట్టింది. మా నాయిన దిగిన బాయిలు ఉన్న తట్టు. ఆయన చూస్తె ఏమనేటోడో.

కని నువ్వు సుత నిజం ఒప్పుకోవాలె. 100 మెగావాట్ల పలకలంటె 100 మెగావాట్ల బొగ్గు ప్లాంటు లెక్క కాదు. రాత్రి ఉన్నది, మబ్బు ఉన్నది. ఏడాది పొడుగూతా సగటు తీస్తె ఐదో వంతు, మహా అంటె నాలుగో వంతు. మాపటీలి ఏడు గంటలకు ఊరూరా లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు ఒక్కసారే ఏస్తరు, ఆ యాళ్లకు నీ పలకలు పండుకుంటయి. అప్పుడు అన్న బొగ్గే కావాలె. దానికి మందు లేదా అంటె ఉన్నది. బ్యాటరీలు అగ్గువైతున్నయి. శ్రీశైలం ఎడమ గట్టు కాడ భూమి లోపల 900 మెగావాట్ల మిషన్లు ఎన్నడో పెట్టిరి, అవి నీళ్లను కిందికి ఇడిసి కరెంటు తీస్తయి, కరెంటు ఎక్కువున్నప్పుడు అవే తిరగబడి నీళ్లను మల్ల పైకి తోడుతయి. పగటి ఎండను రాత్రికి దాసుకునే తొవ్వ అది. కని అసొంటియి ఇంకా మస్తు కట్టాలె. ఇయ్యాల్టికి దేశంల కట్టిన ప్లాంట్లల్ల బొగ్గు, గ్యాసు కానియి సగానికి వచ్చినయి, 2025 నడుమ ఆ లెక్క చెప్పిరి. వాడే కరెంటుల మాత్రం నాలుగు యూనిట్లల్ల మూడు దాక బొగ్గుదే. బొగ్గు కాలం ఒడిసింది అని అన్న మొకం మీద అనకు. 2021ల గ్లాస్గో వాతావరణ సభల మన ప్రధాని దేశం పొగ లెక్క నికరంగ సున్నా చేసేటందుకు 2070 అని గడువు చెప్పిండు. అంటె మీ పిల్లల కాలం దాక తగ్గుకుంట, తగ్గుకుంట ఉంటది. తగ్గుడు మాత్రం ఖాయం, పెద్దోడా, నువ్వు అది ఒప్పుకోవాలె.

ఎందుకు తగ్గాలె అంటె నాకు చదువుకున్నోడు వచ్చి చెప్పే అక్కర లేదు. ఎండాకాలం రామగుండంల 45 డిగ్రీలు దాటుతది. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు పెట్టినప్పుడల్ల పక్క ఊర్లల్ల గోడలు పర్రెలు ఇచ్చుడు మీరు చూసిండ్రు. ఎన్ని ఊర్లు లేపిరి. బూడిద చెరువుల పక్క వరి ఆకు మీద బూడిద. మన ఇంట్ల బాయి పని చేసి దగ్గు లేకుండ పోయిన మగోడు ఒక్కడు లేడు. నా కండ్ల ముందల నా మనుమడు శుభ్రమైన గాలిల పని చేస్తుండంటె నాకు సంతోషమే. దాని మీద నాకు రెండో మాట లేదు.

అయితె ఒక ముచ్చట చెప్త, అది నా కడుపుల ఉన్నది. తెలంగాణ కోసం 2011ల చేసిన సకల జనుల సమ్మె. మీరు చిన్నపోరగాండ్లు. నేను అప్పటికే రిటైరైన, కని గేటు మీటింగులకు రోజూ పోయిన. సెప్టెంబర్ 13 నాడు సింగరేణి బాయిలు బందైనయి. ఒక్క రోజు కాదు, నెల దాటింది. బొగ్గు పైకి వచ్చుడు శానా మటుకు ఆగింది. హైదరాబాదుల కరెంటు కోతలు, ఊర్లల్ల కోతలు, ఢిల్లీ దాక కదిలింది. జీతం రాని నెల అది, పండుగ నెల అది. అప్పు చేసి బియ్యం తెచ్చుకున్నరు కని బాయి దిగలే. ఏముండె మా దగ్గర? చేతులుండె. బొగ్గు మనిషి చెయ్యి తాకకుండ పైకి రాదు, టబ్బు ఎక్కదు, వ్యాగన్ ఎక్కదు, బాయిలరుల పడదు. ఎక్కడ ఒక చెయ్యి ఆగినా లైటు ఆరుతది. గందుకే సర్కార్లు మమ్ముల పిలిచి కుర్చీ ఏసినయి. క్వార్టర్లు వచ్చినయి, దవాఖాన వచ్చింది, వేజ్ బోర్డు వచ్చింది, దసరాకు ముందల లాభాల వాటా వస్తున్నది. ఎవ్వలు దయతోని ఇయ్యలే.

ఇప్పుడు నీ పలకలు. చిన్నోడా, నువ్వూ నీ తోటోళ్లూ రేపు బ్రష్షు పక్కన పడేసి కూసుంటె ఏమైతది? దుమ్ము పేరుకొని రోజుకింత తగ్గుతది, వారం దాక ఎవ్వలకు తెల్వది. ఎండ నిన్ను అడుగదు. దాని పాటికి అది వస్తది, కరెంటు దాని పాటికి తీగలల్ల పోతది. కట్టేటప్పుడు వందల మంది కావాలె, గుంతలు తవ్వ, స్టాండ్లు బిగియ్య, తీగలు లాగ. కట్టుడు ఒడిసినంక వాచ్‌మెన్లు, గడ్డి కోసేటోళ్లు, తుడిచేటోళ్లు, నలుగురు ఎలక్ట్రిషన్లు. అందరూ కాంట్రాక్టే. కర్నూలు తట్టు గని, శకునాల కాడ 2017ల 1,000 మెగావాట్ల పార్కు వచ్చింది, ఆ నాడు దునియాల అంత పెద్దది లేదన్నరు. వేల ఎకరాలు. భూమి ఉన్నోనికి పరిహారం వస్తది, ఆ భూమి మీద కూలికి పోయేటోనికి, మేకలు మేపేటోనికి ఏం వస్తది? పొగ రాదు అనుకుంట మనం అది అడుగుడు మరుస్తున్నం.

అందుకే నేను అంటున్న. బొగ్గు కార్మికునికి ఆపే బలం ఉండె, ఆ బలంతోని ముందల పని చేసి అటెన్క హక్కులు తెచ్చుకున్నడు. సోలార్ కార్మికునికి ఆ బలం లేదు. వానికి హక్కు ముందలనే కాయితం మీద రాసి ఉండాలె. పలక బిగియ్యకముందే, భూమి ఇయ్యకముందే, బాయి మూయకముందే. ఏ బాయి ఎన్నడు మూస్తరు, అందుల ఎంతమంది, వాళ్లల్ల ఎవ్వలకు ఏ పని నేర్పుతరు, ఏ జీతం మీద. ఇది అడిగేటందుకు బొగ్గు యూనియన్ల బలం ఉన్న రోజులు ఇయే. ఇంకో ఇరవై ఏండ్లు పోతె ఆ బలం సుత ఉండది. అడిగితె ఇద్దరు కలిసి ఇప్పుడే అడగాలె.

బెల్లంపల్లి మీకు తెలుసు, రైలుల పోయేటప్పుడు చూస్తరు. 1920ల నుంచి బొగ్గు తీసిన ఊరు. మా తోడల్లుడు అక్కడ బాయి గేటు కాడ చాయ్ హోటలు పెట్టుకున్నడు. మూడు షిఫ్టులకు మూడుసార్లు పొయ్యి ముట్టిచ్చేటోడు. మిర్చి బజ్జీలు, ఇడ్లీ, ఉడకబెట్టిన శెనగలు. జీతాల రోజు బాకీలు వసూలు చేసి ఖాతా పుస్తకం కొట్టేసేటోడు. బాయిలల్ల బొగ్గు ఒడుసుకుంట వచ్చింది, ఒక్కొక్కటి మూసిరి. కార్మికుల్ని మందమర్రికి, శ్రీరాంపూర్‌కు బదిలీ చేసిరి. వాళ్ల కొలువులు పోలే. మా తోడల్లుని పేరు ఏ మస్టరుల ఉన్నది? దర్జీ పేరు, సైకిల్ టాక్సీ వాని పేరు, కూరగాయల ముసలమ్మ పేరు ఏ మస్టరుల ఉన్నది? క్వార్టర్లు ఖాళీ అయినయి, తలుపులు ఎవరో ఊడపీకిరి. హోటలు ముందల కూసుంటె ఎదురుంగ ఖాళీ రోడ్డు. ఖాతా పుస్తకంల బాకీలు అట్లనే ఉండిపోయినయి, అప్పు పెట్టినోళ్లు వేరే ఊర్లల్ల ఉన్నరు. ఆయన చివరికి బిడ్డ ఇంటికి పోయి ఉన్నడు. బాయి మూసుడంటె బాయి ఒక్కటే మూసుడు కాదు. ఆ లెక్కల వీళ్లను సుత పట్టాలె.

బయటి దేశాల ముచ్చట చిన్నోడే నాకు ఫోన్ల చదివి ఇనిపిచ్చిండు. మన ఇల్లందుల మొదటి తట్ట బొగ్గు తీపిచ్చింది ఇంగ్లండు కంపెనీ గద. ఆ ఇంగ్లండుల 2024 సెప్టెంబర్ 30 నాడు ఆఖరి బొగ్గు కరెంటు ప్లాంటు ఆపేసిరి, రాట్‌క్లిఫ్ అట. అక్కడ 1984-85ల బాయి కార్మికులు ఏడాది పొడుగు సమ్మె చేసి ఓడిపోయిరి, అటెన్క బాయిలు వరుస పెట్టి మూస్తె ఊర్లకు ఊర్లు దెబ్బ తిన్నయి. జర్మనీల రూర్ అనే తావుల వేరే తీరు చేసిరి. మూస్తం అని పదేండ్ల ముందలనే 2007ల ఒప్పందం రాసుకున్నరు, వయసున్నోళ్లకు పింఛను, పోరగాండ్లకు కొత్త పని నేర్పుడు, అట్ల చేసుకుంట 2018 డిసెంబర్‌ల ఆఖరి గట్టి బొగ్గు బాయి మూసిరి. బొగ్గు రెండు జాగలల్ల పోయింది. మనుషులు ఒక్క తీరుగ పోలే. మన పాల్వంచల 1966ల మొదలైన కొత్తగూడెం పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5 నాడు కూలగొడితె కండ్లు మూసి తెరిసేలోపు నేలకొచ్చినయి. వీడియో చూసినం. టవరు కూలగొట్టేటందుకు సెకండ్లు చాలు. దాని కింద బతికినోళ్లను నిలబెట్టేటందుకు ఏండ్లు పడతయి, ఆ ఏండ్లు ముందల నుంచే లెక్కపెట్టుకోవాలె.

ఇగ అసలు ముచ్చట. మీ ఇద్దరి గేటు పాసులు ఇయ్యాల పొద్దున్న మంచం మీద పక్కపక్కన పడి ఉండంగ చూసిన. ఒకటి బొగ్గుది, ఒకటి ఎండది. రెండింటి మీద కాంట్రాక్టరు పేరు పెద్దగ ఉన్నది, మీ పేర్లు చిన్నగ ఉన్నయి. పెద్దోనికి రెండు నెలల ఓటీ పైసలు ఆపిరి. చిన్నోనికి జీతంల పీఎఫ్ అని కోస్తున్నరు కని ఇప్పటిదాక నంబరు చేతికియ్యలే. మీ ఇద్దరి బాధ ఒక్కటే ఉన్నది, మీరేమో నీ బొగ్గు నా ఎండ అని కొట్లాడుతున్నరు. నేను యూనియన్ల తిరిగినన్నాళ్లు ఇసొంటి కొట్లాట మా మధ్య పెట్టేటందుకు మస్తు మంది చూసిరి, ఫిల్లరుకు, ట్రామరుకు, టింబర్‌మన్‌కు. మేము దొరకలే.

రేపు మొదటి షిఫ్టు కాదు గద నీకు, పెద్దోడా? అయితె పొద్దుగాల ఎనిమిదింటికల్ల తయారుగుండు. చిన్నోడా, నువ్వు నీతోని తుడిచేటోళ్లందరికి ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఆధార్ జిరాక్సు, మూడు నెలల బ్యాంకు కాయితం తెచ్చుకోమను. ఆడోళ్లను సుత రమ్మను, గడ్డి కోసేటోళ్లను ఇడిసిపెట్టకు. మన పాత యూనియన్ ఆఫీసుల ఇప్పుడున్న సెక్రటరీ నా దగ్గర పని నేర్సుకున్న పోరడే. సోలార్ వాళ్లు మా మెంబర్లు కాదు తాతా అంటడేమో. అంటె, ఎందుకు కాదో రాసియ్యమని అడుగుదాం. అక్కడ నుంచి లేబర్ ఆఫీసుకు పోదాం. నాకు ఒక మఫ్లరు, ఆ దగ్గు మందు సీస బండిల పెట్టుండ్రి.

ఇగ లేసి బువ్వ తినుండ్రి, మీ అమ్మ పిలుస్తున్నది.